ఎదురింటి పిల్ల

కిందటి వారం టైలరమ్మను స్కూల్లో పెద్ద మేడమ్ గది గుమ్మంలో నిలబెట్టి వదిలేశాం. అప్పటి నుంచీ ఆవిడ అక్కడే కోపంతో ఊగిపోతూ నిలబడి ఉంది కనుక ముందు లోపలికి పిలిచి కూర్చోబెట్టాలి. ఈలోగా, కథలోకి ఇప్పుడే అడుగుపెట్టినవాళ్ళకి రెండు ముక్కలు.

మన సైన్స్ టీచర్‌కి ఈ ఏడాది తొమ్మిదో తరగతి ఆడపిల్లల ఆరోగ్యం క్లాసు అంటగట్టారు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదివితే పిల్లలు కళ్ళు తెరిచే నిద్రపోయారు. "సమతులాహారం అనగా" అనేసరికి సగం క్లాసు ఆవలించింది, ఆ ఆవలింతలు చూసి మిగతా సగం ఆవలించింది. సందేహాలుంటే అడగమంటే ఒక్క చెయ్యి లేవలేదు. ఆ వయసులో సందేహాలు లేకనా? తమ ఒంటి సంగతి తామే నలుగురిలో అడగాలంటే సిగ్గుతో ప్రాణం పోతుంది. అప్పుడు టీచర్‌కి ఒక ఉపాయం తట్టింది. "మీ గురించి అడగొద్దు. ఎదురింటి పిల్ల గురించి అడగండి. ఆ పిల్ల ఎవరో నేను అడగను, ఎవరికీ చెప్పను. మీరూ చెప్పకూడదు" అంది. అంతే, గట్టు తెగింది. ఎదురింటి పిల్లకి మొటిమలు, ఎదురింటి పిల్లకి నెలసరి సరిగ్గా రాదు, ఎదురింటి పిల్లకి ఊరికే ఏడుపొస్తుంది. పాపం, ఆ లేని పిల్లకి లేని బాధ లేదు. ఆరోగ్యం క్లాసంటే పిల్లలు లంచ్ డబ్బాలు సగంలో మూసేసి పరుగెత్తుకొచ్చేవాళ్ళు.

సోమవారం నాడు గాలిపటం లేచింది. ఎక్కడా ఒక్కచోట నిలవని ఆఖరి బెంచీ అమ్మాయికి తోటిపిల్లలు పెట్టిన పేరది. "ఎదురింటి పిల్ల సన్నబడ్డానికి మాత్రలు మింగుతోంది మేడమ్. కళ్ళు తిరుగుతున్నాయి. పిక్కలు పట్టేస్తున్నాయి. గుండె దడదడలాడుతోంది. ఏమవుతుంది?" అని అడిగింది. గాలిపటం పుల్లలా ఉంటుంది, దాని నోట ఆ మాట వినగానే క్లాసంతా గొల్లున నవ్వింది. టీచర్ మాత్రం నవ్వలేదు. వెంటనే మానేసి పెద్దవాళ్ళకి చెప్పమను అంది. ఇంతలో గంట కొట్టారు.

బుధవారానికల్లా ఆ మాట వీధిలో పడింది. గాలిపటం ఇంటికి నిజంగానే ఒక ఎదురిల్లుంది. అందులో నిజంగానే ఒక పిల్ల ఉంది. పదో తరగతి, స్కూల్లో పరుగుపందెమంటే ముందు ఆ పిల్ల పేరే చెబుతారు. టైలరమ్మ ఒక్కగానొక్క కూతురు.

ఇక లోపలికి వెళ్దాం.

"కూర్చోండమ్మా" అంది పెద్ద మేడమ్.

"కూర్చోడానికి రాలేదండీ నేను" అంటూనే టైలరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. మిషన్ మీంచి లేచి వచ్చిన మనిషి. కొలతల టేపు మెడలోనే వేలాడుతోంది, భుజానికి దారప్పోగులు అంటుకుని ఉన్నాయి. "నిన్న ఒకావిడ కొలతలివ్వడానికి వచ్చింది. చెయ్యి చాపమంటే చాపింది, తిరగమంటే తిరిగింది. తిరిగి, నా వంక చూడకుండానే, 'మీ అమ్మాయి ఏవో మాత్రలు మింగుతోందటగా, ఇప్పుడెలా ఉంది' అంది! టేపు నా చేతిలోంచి జారిపోయిందండీ. నా దగ్గర గుడ్డలు కుట్టించుకునేవాళ్ళంతా ఇదే మాట చెవులు కొరుక్కుంటున్నారట. నాకు తప్ప అందరికీ తెలుసు!"

"ఎవరో ఏదో అన్నారని..."

"ఎవరో కాదు మేడమ్, మీ స్కూలే అంది. మీ క్లాసులో అంది." ఆవిడ వేలు గిర్రున తిరిగి బీరువా పక్కన నిలబడ్డ సైన్స్ టీచర్ మీద ఆగింది. "మా ఎదురింట్లో ఉంటుంది ఆ గాలిపటమో పీచుమిఠాయో! మీ ముందే లేచి మా పిల్ల గురించి అడిగిందట. మీరు నోరు మూయించకపోగా జవాబు కూడా చెప్పారట. ఇవాళ్టి పరుగు సెలెక్షన్ కోసం ఏడాదిగా తెల్లారకుండానే లేచి పరుగెత్తింది నా కూతురు. ఇప్పుడు మీ పీటీ మాస్టారేమో, మాత్రల సంగతి తేలేదాకా లైన్లో నిలబెట్టను పొమ్మన్నాడు. అది గ్రౌండ్ గోడ పక్కన ఒంటరిగా కూర్చుని ఉంది. నన్ను చూసి ముఖం తిప్పేసుకుంది."

చివరి మాట అని, టేపు కొస వేలికి చుట్టుకుంటూ తల దించుకుంది.

పెద్ద మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. సందేహాలు రాని పిల్లే మంచిపిల్ల అని ఆవిడ నమ్మకం. ఈ ఎదురింటి పిల్ల వ్యవహారం చెవిన పడ్డప్పటి నుంచీ ఆవిడకి అరికాళ్ళలో మంటగా ఉంది. "నేను చెబుతూనే ఉన్నాను. పాఠం చెప్పమంటే మీరు తిరునాళ్ళు పెట్టారు" అంది టీచర్‌తో. "ఆ గాలిపటాన్ని పిలిపిస్తాను. అందరి ముందూ అబద్ధమాడానని ఒప్పుకుని, ఈవిడ కాళ్ళ మీద పడుతుంది. రేపటి నుంచి ఆ క్లాసులో లెక్కలు చెప్పిస్తాను."

"పిలవకండి మేడమ్" అంది టీచర్.

"ఎందుకు పిలవకూడదు?"

ఎందుకో టీచర్‌కి బాగా తెలుసు. తెలుసు కాబట్టే పైకి చెప్పడానికి వీల్లేదు. ఎదురింటి పిల్ల అంటే అడిగిన పిల్లే. ఆ క్లాసులో అది అందరూ కలిసి ఒప్పుకున్న దొంగాట. మొటిమల గురించి అడిగిన పిల్ల బుగ్గ మీద మొటిమ ఉండేది, ఏడుపు గురించి అడిగిన పిల్ల కళ్ళు ఎర్రగా ఉండేవి. అంటే మాత్రలు మింగుతున్నది గాలిపటం. ఇంత పుల్లలా ఉన్నదీ అందుకేనేమో. సోమవారం నుంచీ టీచర్ ఆ పిల్లను ఒంటరిగా పట్టుకుందామని చూస్తోంది, అదేమో చిక్కకుండా తప్పించుకు తిరుగుతోంది. ఇప్పుడు టైలరమ్మ కూతురి మీద నింద చెరపాలంటే గాలిపటం గుట్టు బయటపెట్టాలి. గాలిపటం గుట్టు దాస్తే ఈ అమ్మాయి గోడ పక్కనే కూర్చోవాలి, పందెం దాటిపోతుంది. అటు కదిలితే ఒక పిల్లకి దెబ్బ, ఇటు కదిలితే ఇంకో పిల్లకి.

"చూడండమ్మా" అని టైలరమ్మ వైపు తిరిగింది చివరికి. "ఎదురింటి పిల్ల అనే మనిషే లేదు. పిల్లలు సిగ్గుపడకుండా అడగాలని నేను పెట్టిన పేరది. ఏ వీధిలో ఎవరి ఇంటికి ఎదురుగా ఎవరున్నారో దానికి సంబంధం లేదు. ఆ మాటని పిల్లలు ఇంటికి మోసుకెళ్ళారు, పెద్దవాళ్ళు ఎదురింటి వైపు చూశారు. తప్పెవరిదైనా ఉంటే నాది."

టైలరమ్మ కళ్ళు చిట్లించింది. "మనిషే లేకపోతే మాత్రలెవరు మింగుతున్నారు? ఆ గాలిపటమే మింగుతోందా?"

సూది బెజ్జంలోకి దారం ఎక్కించే మనిషి, చూపు అంత సూటిగా ఉంది.

"అది నేను చెప్పనమ్మా. మాటిచ్చాను. మీ అమ్మాయి మాత్రం కాదు."

"ఖాయంగా చెప్పగలరా?" అంది పెద్ద మేడమ్. "ఆరోగ్యంతో చెలగాటం. మాస్టారు నా మాట మీద ఆ అమ్మాయిని లైన్లో నిలబెట్టాలి. నేను మీ మాట మీద చెప్పాలి. తేడా వస్తే మీ క్లాసే కాదు, మీరూ ఈ స్కూల్లో ఉండరు."

"నాది పూచీ" అంది టీచర్.

ఆలోచించకుండా అన్న మాటేం కాదు. ఒక్క క్షణం ఆగి, ఆ గోడ పక్కన కూర్చున్న పిల్లని తలుచుకుని, గుండె నిబ్బరంగానే అంది. అందుకే కాస్త గర్వంగా కూడా అనిపించింది.

టైలరమ్మ ఊపిరి పీల్చుకుంది. కోపం దిగేసరికి ఆవిడ వయసు కూడా నాలుగేళ్ళు దిగినట్టనిపించింది. అప్పటిదాకా తిట్టిన నోటితోనే గలగలా మాట్లాడేసింది. "నాకు తెలుసండీ, నా పిల్ల అలాంటిది కాదు. చిన్నప్పుడు జ్వరానికి మాత్ర వేయాలంటే ఇద్దరం పట్టుకోవాల్సొచ్చేది! పరుగు పిచ్చిలో పడి కాస్త చిక్కిందంతే. స్కర్టు నడుం ఈమధ్యే బిగించానా, మొన్న మళ్ళీ బిగించాల్సొచ్చింది. మా ఇంట్లో మాత్రలంటే మా అత్తగారివే. కాళ్ళవాపుకని డాక్టరు రాశాడు. మతిమరుపు మనిషి కదా, వేసుకున్నది మర్చిపోయి మళ్ళీ వేసుకుంటోంది కాబోలు, తెచ్చినవి తెచ్చినట్టే అయిపోతున్నాయి. నేను ఆవిడ మీద అరవడం, నేనసలు వేసుకోలేదే పిల్లా అని ఆవిడ నా మీద అరవడం!"

పెద్ద మేడమ్ కూడా నవ్వింది. టీచర్ నవ్వింది. గండం గట్టెక్కిన ఆనందంలో ఆ మాటలు ఈ చెవిన పడి ఆ చెవిన వెళ్ళిపోయాయి. సైన్స్ చెప్పే మనిషి కదా, కాస్త నిలబడి ఆలోచించవద్దూ అని మీరు కోప్పడితే నేను అడ్డురాను. నాకూ కోపంగానే ఉంది.

పెద్ద మేడమ్ మాస్టారికి రాసిచ్చిన చీటీతో టైలరమ్మ గ్రౌండ్ వైపు దాదాపు పరుగెత్తింది. టీచర్ గాలిపటాన్ని వెతుక్కుంటూ బయల్దేరింది.

ఈసారి తప్పించుకునే వీల్లేకుండా దొరికింది. కొళాయిల దగ్గర సీసాలో నీళ్ళు పట్టుకుంటోంది. మిగతా తొమ్మిదో తరగతంతా పందెం చూడ్డానికి వెళ్ళిపోయినట్టుంది, చుట్టుపక్కల ఎవరూ లేరు. టీచర్ని చూడగానే పిల్ల ముఖం పాలిపోయింది.

"భయపడకు" అంది టీచర్ మెల్లిగా. "నేను తిట్టడానికి రాలేదు. ఎవరికీ చెప్పను. ఎన్నాళ్ళ నుంచి వేసుకుంటున్నావు?"

"ఏంటి మేడమ్?"

"మాత్రలు."

"నేనా?" గాలిపటం కళ్ళు పెద్దవి చేసింది. "నేనెందుకు వేసుకుంటాను మేడమ్? నేను ఎదురింటి పిల్ల గురించి కదా అడిగింది!"

"తెలుసు తల్లీ. నేను పేరు అడగడం లేదు."

"అయ్యో, అలా కాదు మేడమ్!"

"సరే, ఎదురింటి పిల్ల గురించే మాట్లాడుకుందాం. ఆ పిల్లకి ఇప్పుడెలా ఉంది?"

"అది కాదు మేడమ్, మీకు అర్థం కావట్లేదు!" పిల్ల కాళ్ళు నేలకేసి కొట్టింది. సీసా నిండి నీళ్ళు పొర్లిపోతున్నా పట్టించుకోలేదు. "ఉత్తుత్తి ఎదురింటి పిల్ల కాదు. నిజం ఎదురింటి పిల్ల. మా ఎదురింట్లో ఉండే అక్క!"

టీచర్ వింది. విన్న మాట తలకెక్కడానికి మాత్రం కొంతసేపు పట్టింది. కొళాయి కట్టెయ్యడానికి చెయ్యి చాపి, ఆ చెయ్యి అలాగే గాల్లో ఉంచేసింది.

"టైలరమ్మగారి అమ్మాయా?"

గాలిపటం తలూపింది. అప్పటిదాకా బిగపట్టుకున్నదంతా ఒక్కసారి బయటపడింది. "పీటీ మాస్టారు అందరి ముందూ అన్నారంట మేడమ్, 'కాస్త ఒళ్ళు తగ్గించావంటే గాల్లో తేలతావే' అని. ఆయన నవ్వుతూనే అన్నారంట. అక్క నవ్వలేదు. వాళ్ళ నాయనమ్మ కాళ్ళవాపు మాత్రలతో ఒంట్లో నీళ్ళు పోయి బరువు తగ్గుతుందని ఎక్కడో విని, దొంగతనంగా వేసుకుంటోంది. మొదట్లో ఒకటే అంది. ఇప్పుడు ఎన్నో నాకు తెలీదు. నిన్న బాత్రూంలో పడిపోయింది, వాళ్ళమ్మకి కాలు జారిందని చెప్పింది."

"నాకెందుకు చెప్పలేదే! సోమవారం నుంచీ నీ వెనకే తిరుగుతున్నాను కదా!"

"అక్కే నన్ను అడిగిరమ్మంది మేడమ్. 'మీ క్లాసులో ఆ పిల్ల ఎవరని అడగరటగా, నాకోసం అడుగు, గుండె అలా కొట్టుకుంటే ఏమవుతుందో కనుక్కో' అంది. మీరు వెంటనే మానెయ్యమన్నారని చెప్పాను. సెలెక్షన్ అయ్యాక మానేస్తానంది." పిల్ల సీసా తీసి కొళాయి కట్టేసింది. "మీరు అడుగుతారేమోననే తప్పించుకు తిరిగాను. ఎదురింటి పిల్ల ఎవరో చెప్పకూడదని రూల్ పెట్టింది మీరే కదా మేడమ్?"

అవును, తనే. ఆ రూల్ చూసుకునే ఇన్నాళ్ళూ మురిసిపోయింది.

టైలరమ్మ మాటలు ఇప్పుడు ఒక్కొక్కటే చెవిలో మోగాయి. మళ్ళీ బిగించిన స్కర్టు నడుం. తెచ్చినవి తెచ్చినట్టే అయిపోతున్న మాత్రలు. నేను వేసుకోలేదని మొత్తుకుంటున్న ముసలావిడ. అంతా ఎదురుగా కూర్చుని విని, నవ్వి, పూచీ పడింది తను. కాళ్ళవాపు తగ్గించే మాత్ర ఒంట్లోని నీటిని లాగి బయటికి పంపేస్తుంది. నీటితో పాటే లవణాలూ పోతాయి, గుండె లయ తప్పకుండా కొట్టుకునేది వాటి పుణ్యమే. అవి తగ్గిపోయిన పిల్ల మిట్టమధ్యాహ్నం ఎండలో, చచ్చినా గెలవాలన్న పట్టుదలతో పరుగెత్తితే ఏమవుతుందో ఏ పుస్తకమూ తెరవకుండా చెప్పగలదు టీచర్. సోమవారం నాడు గాలిపటం అడిగిన ప్రశ్నకి అసలు జవాబు అదే. భయపెట్టడం ఎందుకని ఆ రోజు ఆ ముక్క మింగేసింది.

ఇక నిలవలేదు. వరండా దాటి, సైకిళ్ళ షెడ్డు పక్క నుంచి, చెప్పు ఒకటి ఎక్కడ ఊడిపోయిందో కూడా చూసుకోకుండా గ్రౌండ్ వైపు పరుగెత్తింది. వెనక గాలిపటం "మేడమ్, అక్కకి నేను చెప్పానని చెప్పకండి" అని అరుస్తూనే వస్తోంది.

గ్రౌండ్ చుట్టూ తాడు కట్టారు. తాడు వెంబడి స్కూలంతా ఉంది. తొమ్మిదో తరగతి పిల్లలు ముందు వరసలో నిలబడి ఈలలు వేస్తున్నారు. టైలరమ్మ తాడు మీద పడిపోయేంతగా వంగి, రెండు చేతులూ నోటికి అడ్డంపెట్టుకుని కూతుర్ని పిలుస్తోంది. ఆవిడ ముఖం వెలిగిపోతోంది.

సున్నపు గీత దగ్గర అమ్మాయిలు వంగి ఉన్నారు. టైలరమ్మ కూతురు మధ్యలో ఉంది. ఎండలో అందరి నుదుళ్ళూ చెమటతో మెరుస్తున్నాయి, ఆ పిల్ల నుదురు మాత్రం పొడిగా ఉంది. పెదవులు తెల్లగా ఎండిపోయాయి. పీటీ మాస్టారు విజిల్ నోట్లో పెట్టుకున్నాడు.

"ఆపండి!"

టీచర్ తాడు ఎత్తి కింద నుంచి దూరి, గీతకి అడ్డంగా వెళ్ళి నిలబడింది. ఈలలు ఆగిపోయాయి. మాస్టారు విజిల్ తీసేసి విసుగ్గా చూశాడు.

"మళ్ళీ ఏంటి మేడమ్? మీరే కదా ఇందాక పూచీ పడ్డది?"

ఆవిడ అతనికి జవాబివ్వలేదు. వంగి ఉన్న పిల్ల దగ్గరికి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, నేలకి ఆనించిన చేతిని తీసి మణికట్టు పట్టుకుంది. చర్మం వేడిగా, ఎండుటాకులా ఉంది. వేళ్ళ కింద నాడి పరుగు పెడుతోంది. పరుగు పెట్టి, తడబడి, ఒక దెబ్బ మానేసి మళ్ళీ అందుకుంది.

పిల్లకి అర్థమైపోయింది. చెయ్యి వెనక్కి లాక్కోబోయింది, బలం చాల్లేదు. ఏడాది పాటు తెల్లారకుండా లేచిన పిల్ల, ఇంకో ఊపిరిలో విజిల్ వినబోయిన పిల్ల, కళ్ళలో నీళ్ళు తిప్పుకోవడానికి కూడా ఒంట్లో తడి లేనట్టు చూసింది.

"మేడమ్, ప్లీజ్. ఈ ఒక్కసారి పరుగెత్తనివ్వండి. మీరు ఎవరికీ చెప్పనన్నారు కదా."

గుసగుసగానే అంది. కానీ గ్రౌండ్ అంతా నిశ్శబ్దంగా ఉంది. ముందు వరసలో ఎదురింటి పిల్ల కథలు చెప్పుకున్న తొమ్మిదో తరగతి అంతా, తమ మేడమ్ ఇప్పుడేం చెబుతుందా అని ఊపిరి బిగపట్టి చూస్తోంది.

టీచర్ ఆ మణికట్టు వదల్లేదు. నోరు తెరిచింది.

వెనక నుంచి ఎవరో పరుగున వచ్చి ఆగిన చప్పుడైంది. నేల మీద పడ్డ నీడలో మెడ చుట్టూ టేపు ఊగుతోంది.

"ఏం చెప్పనన్నారు?" అంది టైలరమ్మ. "నా కూతురికి ఏం చెప్పనని మాటిచ్చారండీ మీరు?"